థర్మామీటర్ పక్కన పెట్టి, చొక్కా పైకెత్తండి

రాత్రి పన్నెండున్నర. రెండేళ్ళ పిల్లాడి ఒళ్ళు పెనంలా కాలుతోంది, థర్మామీటర్ 103 చూపిస్తోంది. ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "నూటమూడంటే మాటలా, పదండి హాస్పిటల్‌కి" అనేది ఒకటి. "సిరప్ పోశాం కదా, దిగుతుందిలే, పొద్దున చూద్దాం" అనేది ఇంకొకటి. విచిత్రమేమిటంటే రెండు పార్టీలూ ఒకే అంకె పట్టుకుని కొట్లాడుకుంటాయి. పిల్లాడి వంక చూసేవాళ్ళే తక్కువ.

ఆ అంకెకి మన ఇళ్ళలో ఉన్న పెత్తనం దాని అర్హతకి మించిందని నా అభిప్రాయం. 104 వచ్చినా, మందు పడ్డ గంటకి లేచి కూర్చుని బిస్కెట్ అడిగే పిల్లని ఆ రాత్రికి ఇంట్లో ఉంచుకోవచ్చు. 99 దగ్గరే ఉన్నా, కళ్ళు తెరవకుండా ఒళ్ళో తోటకూర కాడలా వేలాడుతున్న పిల్లని తెల్లారేదాకా ఉంచకూడదు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే 103, 104 జ్వరం తనంతట తాను మెదడుని పాడుచేయదు. వడదెబ్బ సంగతి వేరు, అది ఒంటి అదుపు తప్పిన వేడి. జ్వరం మాత్రం సూక్ష్మజీవితో పోరాడటానికి ఒళ్ళు కావాలని పెంచుకున్న వేడి.

ఇంకో అపోహ, పారాసిటమాల్‌కి దిగిన జ్వరం మామూలు జ్వరమని, దిగనిది పెద్ద జబ్బని. న్యుమోనియా జ్వరమూ పారాసిటమాల్‌కి దిగుతుంది, మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ వచ్చే మెనింజైటిస్ జ్వరమూ దిగుతుంది. మందు వేసింది జబ్బుని కనిపెట్టడానికి కాదు, పిల్లకి కాస్త హాయిగా ఉండటానికి. కాకపోతే దానివల్ల ఒక ఉపకారం ఉంది. మందు పడ్డాక ముప్పావుగంట, గంట ఆగి పిల్లని మళ్ళీ చూడండి. వేడి తగ్గినప్పుడు కొంచెం ఆడి, కొంచెం తాగి, మీ మొహం చూసి గుర్తుపట్టి ఏడిస్తే అది మంచి కబురే. వేడి దిగినా డీలాగానే పడి ఉంటే అప్పుడు బయల్దేరండి.

వయసు విషయంలో మాత్రం అంకెదే పైచేయి. మూడు నెలలు నిండని బిడ్డకి 100.4, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా ఆపైన ఉంటే చర్చ లేదు. బిడ్డ పాలు తాగుతున్నా, నవ్వుతున్నా సరే, ఆ రాత్రే పిల్లల డాక్టర్ ఉన్న హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఆ వయసులో రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోదు. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి కనిపించే గుర్తులు ఉండకపోవచ్చు. అందుకే అక్కడ రక్తం, మూత్రం, ఒక్కోసారి వెన్నునీరు కూడా పరీక్షిస్తామంటారు. అది డబ్బు గుంజడం కాదు. నెలలోపు బిడ్డల్లో ఒళ్ళు చల్లబడటమూ అంతే ప్రమాదం. చంకలో 35.5 సెల్సియస్ కన్నా తక్కువ ఉండి, పాలు సరిగా పట్టకపోతే జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు. బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారుతున్నా ఇదే లెక్క. ఇంత చిన్న బిడ్డకి ఇంట్లో పారాసిటమాల్ పోసి "చూద్దాం" అనడం ఉన్న ఒక్క గుర్తునీ చెరిపేయడమే.

మూడు నెలలు దాటిన పిల్లల్లో చూడాల్సింది నాలుగు: ఊపిరి, తాగడం, మూత్రం, ధ్యాస. వీటిలో మనం అస్సలు చూడనిది ఊపిరి, అన్నిటికన్నా ముందు చూడాల్సిందీ అదే.

చొక్కా పూర్తిగా పైకెత్తండి. లైటు వేయండి. పిల్ల నిద్రపోతున్నప్పుడో, పాలు తాగి కుదుటపడ్డాకో చూడాలి, ఏడుస్తున్నప్పుడు లెక్కపెడితే ప్రయోజనం లేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పొట్ట లేవడం ఒకటి, రెండు, మూడు అని నిండు నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే చిన్నపిల్లల విషయంలో తప్పుతుంది, ఎందుకంటే పసిపిల్లల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నిదానంగా నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు ఇవి: రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా ఆపైన ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. జ్వరం ఉన్నప్పుడు ఊపిరి కొంచెం పెరగడం సహజం కాబట్టి, వేడి దిగాక ఇంకోసారి లెక్కపెట్టండి. అప్పుడూ అంతే ఉంటే జలుబు ముక్కు దాటి కిందికి దిగిందేమోనని అనుమానించాలి, ఆ రోజే చూపించాలి.

ఇక ఊళ్ళల్లో పెద్దవాళ్ళు "డొక్కలు ఎగరేస్తోంది" అని ఒక మాట అంటారు. అదొక్కటీ డాక్టర్లు పేజీలకి పేజీలు చెప్పేదానికి సమానం. పక్కటెముకలు అయిపోయి పొట్ట మొదలయ్యే చోట చూపు నిలపండి. మామూలుగా ఊపిరి లోపలికి తీసినప్పుడు పొట్ట, ఛాతీ రెండూ పైకి లేస్తాయి. కష్టపడుతున్న పిల్లలో పొట్ట లేస్తుంటే ఆ కింది పక్కటెముకలు లోపలికి గుంటపడతాయి. ఏడవకుండా ఉన్నప్పుడు కూడా ప్రతి ఊపిరికీ అలా జరుగుతుంటే గంటల లెక్క కాదు, నిమిషాల లెక్క. ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి వదిలినప్పుడల్లా "ఉఁ, ఉఁ" అని చిన్న మూలుగు, ఊరికే ఉన్నా గొంతులోంచి గరగరమని లోపలికి లాగే శబ్దం, పాలు రెండు గుక్కలు తాగి ఊపిరి కోసం వదిలేయడం ఇవన్నీ అదే కుటుంబం. పెదాలు నీలంగా ఉన్నాయా అన్నది మన రంగు పిల్లల్లో పైకి తెలియదు. నాలుక, పెదవి లోపలి వైపు చూడాలి.

అయితే ఆర్నెల్ల లోపు పిల్లల్లో ముక్కు పూడుకుపోయినా భయపెట్టే శబ్దమే వస్తుంది. సెలైన్ నోస్ డ్రాప్స్ రెండేసి చుక్కలు వేసి, ముక్కు శుభ్రం చేసి మళ్ళీ చూడండి. శబ్దం పోయి ఊపిరి కుదుటపడితే అది ముక్కు గొడవే. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఉంది కదా అంటారు. పెద్దవాళ్ళ క్లిప్పు చిన్న వేలికి సరిగా కూర్చోదు, కదిలితే, వేళ్ళు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది. సరిగా పెట్టినా 92 కన్నా తక్కువ చూపిస్తే బయల్దేరండి. 97 చూపిస్తూ డొక్కలు ఎగరేస్తుంటే, అప్పుడూ బయల్దేరండి.

ఒక చిన్న చిట్కా: చొక్కా లేకుండా ఛాతీ, పొట్ట కనిపించేలా ముప్పై సెకన్లు వీడియో తీసి పెట్టుకోండి. హాస్పిటల్‌కి వెళ్ళేసరికి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు డాక్టర్‌కి ఆ వీడియోనే ఎక్కువ పనికొస్తుంది.

మందు మోతాదు దగ్గర జరిగే ప్రమాదం ఇంకా దారుణం, ఎందుకంటే అది మన చేతులారా జరిగేది. పారాసిటమాల్ పిల్లలకి బరువుని బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాములు. నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగు సార్లు మించకూడదు. పది కిలోల పిల్లకి 150 మిల్లీగ్రాములు. మెడికల్ షాపులో మాత్రం ఈ మందు మూడు రకాల సీసాల్లో ఉంటుంది. చుక్కల మందులో ఒక మిల్లీలీటర్‌కి 100 మిల్లీగ్రాములు, ఒక సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 125, ఇంకో సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 250. అదే పిల్లకి చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటర్లు, మొదటి సిరప్ ఆరు, రెండోది మూడు. పోయినసారి "ఆరు పోయమన్నారు" అన్నది గుర్తుపెట్టుకుని ఈసారి చుక్కల సీసాలోంచి ఆరు పోస్తే 600 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, నాలుగింతలు. రెండు రోజులు ఇలా జరిగితే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి "ఎన్ని ఎం.ఎల్." అని కాదు, "ఎన్ని మిల్లీగ్రాములు" అని అడగండి. పోసిన టైము కాగితం మీద రాయండి, ఎందుకంటే అమ్మ పోసిందని తెలియక నాన్న, నాన్న పోశాడని తెలియక నాయనమ్మ పోసిన ఇళ్ళు బోలెడు.

అడక్కుండానే చేతిలో పెట్టే కాంబినేషన్ సిరప్‌లు చదివి తీసుకోండి. నిమిసులైడ్ అనే జ్వరం మందుని పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు. జలుబుకి వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మిశ్రమం నాలుగేళ్ళ లోపు పిల్లలకి వద్దని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా దగ్గర కల్తీ దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో కలిసింది డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపు రసాయనం. దగ్గు మందు పడ్డాక మూత్రం ఆగిపోతే ఆ సీసా పట్టుకుని పరుగెత్తాలని ఆ ఘటనతో తెలిసింది. నన్నడిగితే రెండేళ్ళ లోపు పిల్లకి దగ్గు సిరప్ అసలు కొననే కొనవద్దు.

మూత్రం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, డైపర్ వచ్చాక ఈ గుర్తు మనకి కనిపించకుండా పోయింది. నీళ్ళ విరేచనం, మూత్రం రెండూ కలిసి డైపర్ బరువెక్కుతుంది, మనం "బాగానే పోస్తోంది" అనుకుంటాం. జబ్బు చేసిన రోజు డైపర్ విప్పేసి పాత నూలుబట్ట కట్టండి. ఏడాది లోపు బిడ్డ ఆరు నుంచి ఎనిమిది గంటలు, పెద్ద పిల్లలు పన్నెండు గంటలు మూత్రం పోయకపోతే ఒంట్లో నీళ్ళు లేనట్టే. దాంతోపాటు కళ్ళు లోతుకు పోవడం, కన్నీళ్ళు లేకుండా ఏడవడం, పసిబిడ్డకైతే మాడు గుంటపడటం చూడండి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే ఠక్కున సర్దుకోవాలి. మడత అలాగే రెండు సెకన్లకి మించి నిలబడిపోతే సెలైన్ పెట్టాల్సిన స్థితి.

వాంతులు, విరేచనాల్లో పోయిన నీటిని ఇంట్లో భర్తీ చేసేది ఓఆర్‌ఎస్సే, అదీ సరిగా కలిపితేనే. లీటరు ప్యాకెట్ చింపి "కొంచెం కొంచెం" అంటూ గ్లాసులో చెంచాడు వేస్తారు. ఉప్పు ఎక్కువై రక్తంలో సోడియం పెరుగుతుంది, పిల్ల ఇంకా డీలా పడుతుంది. ప్యాకెట్ మీద ఎంత నీళ్ళని ఉంటే అంత, ఒక్కసారే కలపాలి. లీటరు వాటర్ బాటిల్ కొలతకి పనికొస్తుంది. ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ళ లోపు పిల్లకి ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పైబడితే 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత రెండు నిమిషాలకొక చెంచా. చెంచాతో ఏమవుతుందని అనుకోకండి, ఐదు మిల్లీలీటర్ల చెంచా రెండు నిమిషాలకొకటి చొప్పున గంటకి 150 మిల్లీలీటర్లు లోపలికి పోతాయి. గ్లాసుతో ఒకేసారి తాగిస్తే వచ్చేది వాంతే.

టెట్రాప్యాక్‌లో ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని తిరిగిన తియ్యటి పానీయాల మీద హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ అలాంటి వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. చక్కెర ఎక్కువైన నీళ్ళు పేగులోకి ఇంకా నీటిని లాగి విరేచనాలు పెంచుతాయి. అట్ట మీద పేరు ఏదైనా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. విరేచనంలో రక్తం, ఆకుపచ్చటి వాంతి, గట్టిగా ఉబ్బిన పొట్ట కనిపిస్తే మాత్రం చెంచాలతో పని లేదు, హాస్పిటలే. "పళ్ళొస్తున్నాయిలే" అన్న మాట కూడా ఇక్కడే ఎక్కువ వినిపిస్తుంది. పళ్ళు వస్తే చొంగ కారుతుంది, చికాకు పడతారు. 101 జ్వరమూ పది విరేచనాలూ పళ్ళ వల్ల రావు.

అంకె ఎంత మోసం చేస్తుందో చూడాలంటే డెంగీ చూడాలి. వానాకాలం మొదలు దసరా దాటేదాకా రెండు రాష్ట్రాల్లోనూ ఇది ఇంటింటి మాట. మూడు నాలుగు రోజులు 103 ఊపేస్తుంది. ఐదో రోజున థర్మామీటర్ 98 చూపిస్తుంది, ఇంటిల్లిపాదీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. సరిగ్గా అప్పుడే, జ్వరం దిగిన 24 నుంచి 48 గంటల్లో, సన్నటి రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. సాధారణంగా ఇది జబ్బు మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జరుగుతుంది. ఆగని కడుపునొప్పి, మళ్ళీ మళ్ళీ వాంతులు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, ఒకటే చిరాకు లేదా ఒకటే మత్తు వస్తే జ్వరం లేకపోవడం ఊరట కాదు. వేలి కొసని ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మూడు పడితే రక్తప్రసరణ తగ్గినట్టు. చుట్టాలంతా ఫోన్ చేసి "ప్లేట్‌లెట్లు ఎన్ని?" అంటారు, బొప్పాయి ఆకు రసం పంపుతారు. డాక్టర్ దానికన్నా పీసీవీ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క) పెరుగుతోందా, మూత్రం వస్తోందా అని చూస్తారు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ అనే జ్వరం మందులు ముట్టుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

చర్మం మీది చిన్న గాయాలూ సెగ్గడ్డలూ చాలావరకు వాటంతట అవే పగిలి మానతాయి. ఇన్ఫెక్షన్ పాకుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక బాల్‌పెన్ చాలు: ఎరుపు ఎక్కడి దాకా ఉందో దాని అంచు వెంబడి గీత గీసి, పక్కన టైము రాయండి. మన చర్మం మీద ఎరుపు తెలియకపోతే వేడిగా, గట్టిగా ఉన్నంత మేర వేలితో తడిమి గీయండి. నాలుగైదు గంటల్లో గీత దాటితే ఆ రోజే చూపించాలి. జ్వరం కూడా తోడై పిల్ల నీరసపడితే వెంటనే. కనురెప్ప వాచి కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, కన్ను తిప్పితే నొప్పన్నా, చెవి వెనక వాచి చెవి ముందుకు తోసినట్టున్నా, జ్వరంతో పిల్ల ఒక కాలు కింద మోపకపోయినా అది పైపై ఇన్ఫెక్షన్ కాదు. జ్వరంలో వచ్చే దద్దుర్లకి గాజు గ్లాసు పరీక్ష ఉంది. గ్లాసుని వాటి మీద నొక్కితే చాలా దద్దుర్లు మాయమవుతాయి. నొక్కినా మాయం కాని ఊదారంగు మచ్చలైతే ఆగొద్దు. అరచేతుల్లో, అరికాళ్ళలో, కనురెప్ప లోపల వెతకండి, అక్కడ బాగా తెలుస్తాయి. "అమ్మవారు పోసింది, డాక్టర్‌కి చూపించకూడదు" అని ఆపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చూపించవచ్చు. ఆ పొక్కులు చీము పట్టినా, పిల్ల ఆయాసపడినా తప్పకుండా చూపించాలి.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు, మందు ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళంచెవుల వల్ల లాభం లేదు. ఐదు నిమిషాలు దాటితే 108. ఆగిపోయినా, అది మొదటిసారైతే హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే.

మన పల్లెల్లో మరో చిక్కు ఆర్‌ఎంపీ ఇంజెక్షన్. సూది పడగానే జ్వరం దిగుతుంది, పిల్ల లేచి కూర్చుంటుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే జబ్బు గుర్తులు ఒకట్రెండు రోజులు దాక్కుంటాయి, ఇన్ఫెక్షన్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సీసాది కూడా అదే కథ. వైరల్ జ్వరానికి అది పనిచేయదు, బ్యాక్టీరియా జబ్బుకి అరకొర డోసు చాలదు. తీరా హాస్పిటల్‌కి వెళ్ళాక, రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏదీ పెరగకపోవచ్చు.

బయల్దేరాల్సిన రాత్రి ఎక్కడికి వెళ్ళాలన్నది ఆ రాత్రి ఆలోచించేది కాదు. దగ్గరలో రాత్రంతా పిల్లల డాక్టర్, ఆక్సిజన్, వీలైతే పిల్లల ఐసీయూ ఉన్న చోటు ఏదో ముందే కనుక్కోండి. బోర్డు మీద "24 గంటలు" అని ఉండటం వేరు, రాత్రి రెండింటికి పిల్లల డాక్టర్ ఉండటం వేరు. ఆయాసపడుతున్న పిల్లని బైక్ మీద ఇద్దరి మధ్య దుప్పట్లో చుట్టి తీసుకెళ్తారు. ఆ దుప్పట్లో ఊపిరి ఆగినా ఎవరికీ కనిపించదు. 108లో ఆక్సిజన్ ఉంటుంది. కారైతే మొహం కనిపించేలా వెనక సీట్లో ఒకరు ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, పడుకోమని బలవంతం చేయొద్దు. ఆయాసంలో పిల్లలు కూర్చునే సుఖపడతారు.

డాక్టర్‌కి చెప్పాల్సింది నాలుగు ముక్కలు: వయసు, బరువు, జబ్బు ఏ రోజు, ఏ పూట మొదలైంది, చివరిసారి ఎప్పుడు తాగింది, ఎప్పుడు మూత్రం పోసింది, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి. మందుల పేర్లు గుర్తు చేసుకుంటూ కూర్చోకుండా సీసాలే సంచిలో వేసుకెళ్ళండి. చూసి "వైరల్, ఇంటికెళ్ళండి" అంటే, లేచే ముందు "ఏం కనిపిస్తే మళ్ళీ రావాలి?" అని అడిగి రాసుకోండి. ఇంటికొచ్చాక అది కనిపిస్తే, ఇందాకే చూపించాం కదా, మళ్ళీ వెళ్తే ఏమనుకుంటారోనన్న మొహమాటం అక్కర్లేదు. ఆ డాక్టర్ తప్పు చెప్పినట్టూ కాదు, ఈలోగా జబ్బు మారింది. ఇందాక 36 ఉన్న ఊపిరి ఇప్పుడు 56 అయిందని రెండేళ్ళ పిల్లాడి వీడియో చూపిస్తూ చెప్పండి. క్యాజువాల్టీలో ఆ మాట విన్నవాళ్ళు ముందు ఆక్సిజన్ అందుకుంటారు, థర్మామీటర్ తర్వాత.